వెయ్యిలో ఏడు



ఈ పూట యురేనియం సంగతి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, పాఠం చెప్పబోవడం లేదు. పెండ్లిమర్రిలోగానీ, వేంపల్లెలోగానీ, పులివెందులలోగానీ ఈ పేరు తెలియనివాళ్లు లేరు. మనకు పడమటి దిక్కున, వేముల మండలం తుమ్మలపల్లెలో గని ఉంది కదా. 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు దానికి శంకుస్థాపన చేశారు. 2012 ఏప్రిల్‌లో గని పని మొదలైంది. అప్పటినుంచీ మన వైపు రచ్చబండ మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ యురేనియం మీద ఏదో ఒక అభిప్రాయం ఉండనే ఉంది.

అందులో గట్టిగా వినపడేది ఒకటి. "బాంబు సరుకు గదా, మన కాళ్ల కింద పెట్టుకొని ఎట్లా పడుకునేది?" అని. టీవీలో ఇరాన్ పేరు వచ్చినప్పుడల్లా ఇంకో మాట కూడా వినపడుతోంది. "60 శాతం శుద్ధి చేసినారంట. దాన్ని పలచన చేయమంటున్నారంట. పలచన చేయడమంటే ఏంది, నీళ్లు పోస్తారా?" అని.

అడగాల్సిన ప్రశ్నే. నీళ్లు పోయరు. యురేనియంలో యురేనియమే పోస్తారు.

అదెట్లాగో చెప్తాను. దానికి ముందు ఒక్క అంకె గుర్తు పెట్టుకోండి. 7. వెయ్యిలో 7.

భూమిలోంచి తీసిన యురేనియం తుమ్మలపల్లెదైనా ఒకటే, ఆస్ట్రేలియాదైనా ఒకటే, కజకిస్తాన్‌దైనా ఒకటే. అందులో ముఖ్యంగా రెండు రకాల అణువులు కలిసి ఉంటాయి. ఒకటి 238 రకం. ఇది బరువైనది. ఇంకొకటి 235 రకం. ఇది వీసమెత్తు తేలిక. వెయ్యి అణువులు లెక్కపెడితే 993 బరువైనవి, 7 తేలికవి. రియాక్టర్లో మంట పుట్టించేది ఆ ఏడే. బాంబులో పేలేదీ ఆ ఏడే. చుట్టూ 993 మంది అడ్డం కూర్చుని ఉన్నంతకాలం ఆ ఏడుగురూ పేలుడు పుట్టించలేరు. అందుకే నేలలో ఉన్న రాయి కోట్ల ఏళ్లుగా రాయిలాగే పడి ఉంది.

మళ్లీ చెప్తున్నా. వెయ్యిలో 7. శుద్ధి చేయడమంటే ఆ ఏడింటినీ ముట్టుకోకుండా, చుట్టూ ఉన్న బరువైనవాటిని తీసేస్తూ పోవడం. పలచన చేయడమంటే తీసేసినవాటిని మళ్లీ తెచ్చి కలపడం. కథంతా ఇంతే.

బంగారం పని తెలిసిన ప్రొద్దుటూరు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. 24 క్యారెట్ల మేలిమి బంగారం మూసలో వేసి, కాస్త రాగి కలిపితే 22 క్యారెట్లు అవుతుంది. వన్నె తగ్గింది, బంగారం ఎక్కడికీ పోలేదు. యురేనియం పలచన చేయడమూ అట్లాంటిదే. కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని బాగా పట్టుకోవాలి. బంగారంలో కలిసిన రాగిని కంసాలి మళ్లీ బయటికి లాగగలడు. ఆమ్లం వేస్తే రాగి కరిగిపోతుంది, బంగారం నిలబడుతుంది. యురేనియం దగ్గర ఆ పప్పులుడకవు. ఎందుకంటే కలిసిన రెండూ యురేనియమే. ఏ ఆమ్లానికీ, ఏ మంటకూ వాటి మధ్య తేడా తెలియదు. తేడా ఉన్నది బరువులో ఒక్కటే. అదీ వందకు ఒకటీ ఒకటిన్నర వంతు.

అంత సన్నని తేడాను పట్టి విడదీయాలంటే యురేనియాన్ని ముందు వాయువుగా మార్చాలి. దాన్ని నిలువెత్తు గొట్టాల్లో నింపి, మహా వేగంగా తిప్పాలి. వాటినే సెంట్రిఫ్యూజులు అంటారు. తిరిగేటప్పుడు బరువైనవి గోడవైపు జరుగుతాయి, తేలికవి నడుమకు చేరతాయి. ఒక గొట్టంలో జరిగేది అణుమాత్రం. అందుకే వేల గొట్టాలు వరుసగా కలుపుతారు. దేశాలు సంవత్సరాల తరబడి డబ్బు పోసి కట్టుకునే కర్మాగారాలివి. అంటే పలచన చేయడం సులువు, తిరిగి చిక్కన చేయడం మహా కష్టం. పలచన చేయడంలో రక్షణ ఉందని చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు లెక్క చూద్దాం. భయపడొద్దు, నాలుగే అంకెలు. కాస్త మోటుగా చెప్తున్నా, కానీ తప్పు కాదు.

మన దగ్గర వెయ్యి ఉన్నాయి, అందులో 7 తేలికవి. 825 బరువైనవాటిని తీసేశామనుకోండి. 175 మిగిలాయి. ఆ 175లో అదే 7. ఇది 4 శాతం. కరెంటు తీసే చాలా రియాక్టర్లకు ఇది సరిపోతుంది. ఇంకో 140 తీసేద్దాం. 35 మిగిలాయి. ఆ 35లో అదే 7. ఇది 20 శాతం. ప్రపంచమంతా గీత గీసింది ఇక్కడే. ఇక్కడికి చేరితే ఎక్కువ శుద్ధి చేసిన యురేనియం అంటారు, దాని మీద కాపలా వేరు. ఇంకో 27 తీసేద్దాం. 8 మిగిలాయి. ఆ ఎనిమిదిలో అదే 7. ఇది బాంబు సరుకు, 90 శాతం దగ్గర.

మొదట 825 తీశాం. తర్వాత 140. ఆఖరున 27. గమనించారా? శ్రమంతా మొదట్లోనే ఉంది. 20 శాతానికి చేరినవాడు పదింట తొమ్మిది వంతుల దారి నడిచేశాడు. ఇక 60 శాతం అంటే 12 అణువుల్లో 7. అక్కడి నుంచి ఇంకో నాలుగు తీస్తే బాంబు. ఇరాన్ దగ్గర 60 శాతం సరుకు 400 కిలోలు దాటిందని 2025 జూన్ నాటికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అంచనా వేసింది. పలచన చేయమని ప్రపంచం ఎందుకు పట్టుబడుతోందో ఈ 12, 8 అంకెల్లోనే ఉంది. ఇరాన్‌కు ఇది కొత్త పనేం కాదు. 2014లో, అప్పటి తాత్కాలిక ఒప్పందం ప్రకారం, తన దగ్గరున్న 20 శాతం సరుకులో సగాన్ని 5 శాతానికి పలచన చేసింది. ఆ తర్వాత కుదిరిన పూర్తి ఒప్పందం కొన్నేళ్లకు చెడింది, 20 శాతం శుద్ధి మళ్లీ మొదలైంది. ఇది కూడా మనసులో పెట్టుకోండి. పలచన చేసినంత మాత్రాన సెంట్రిఫ్యూజులు మాయమైపోవు.

శుద్ధి చేసిన సరుకు ఎంత కోపిష్టిదో ఒక్క సంఘటన చెప్తాను. జపాన్‌లో తోకైమురా అనే ఊరు. 1999 సెప్టెంబరు 30. అక్కడి చిన్న కర్మాగారంలో 18.8 శాతం శుద్ధి చేసిన యురేనియం ద్రావణం తయారు చేస్తున్నారు. 20 కూడా కాదు, 18.8. నిబంధన ప్రకారం కొంచెం కొంచెంగా, దానికోసం చేసిన సన్నని పాత్రల్లో కలపాలి. పని త్వరగా తెమలాలని పనివాళ్లు స్టీలు బకెట్లతో ఎత్తి పెద్ద తొట్టిలో పోశారు. ఒకచోట చేరకూడనంత చేరింది. నీలం రంగు మెరుపు మెరిసింది. పేలుడు లేదు, పెద్ద చప్పుడూ లేదు. బాంబులో జరిగే పనే, చాలా చిన్నగా, ఆ తొట్టిలో మొదలైంది. సుమారు 20 గంటలు ఆగుతూ సాగింది. ఇద్దరు పనివాళ్లు నెలల తరబడి ఆస్పత్రిలో నరకం చూసి చనిపోయారు. పోసింది బకెట్‌తో. అంతే.

అట్లాంటి సరుకు, అదీ 90 శాతం సరుకు, టన్నుల లెక్కన పోగుపడి ఉంటే? 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయేటప్పుడు సరిగ్గా ఇదే పరిస్థితి. వేల బాంబులు. జీతాలు అందని శాస్త్రవేత్తలు. కాపలా సన్నబడిన గోదాములు. ఎవడి చేతికి పోతుందోనని ప్రపంచానికి గుబులు.

అప్పుడు అమెరికాలో ఎం.ఐ.టి.లో పనిచేసే థామస్ నెఫ్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన మంత్రి కాదు, రాయబారి కాదు. యురేనియం బేరసారాలు చదువుకున్న మనిషి. ఆ సరుకును పలచన చేసి మాకు అమ్మండి, మా రియాక్టర్లలో కాల్చుకుంటాం, మీకు డబ్బొస్తుంది, అందరికీ భయం తీరుతుంది అన్నాడు. 1991 అక్టోబరు 24న న్యూయార్క్ టైమ్స్‌లో దీన్ని వ్యాసంగా రాశాడు. ఆ నెలలోనే వాషింగ్టన్‌లో సోవియట్ ఆయుధశాఖ పెద్ద విక్టర్ మిఖైలోవ్‌కు నేరుగా చెప్పాడు కూడా. ఒక పత్రికా వ్యాసంతో ఇంత పెద్ద పని మొదలు కావడం, చెప్పొద్దూ, రాతగాళ్లకు కాస్త గర్వంగానే ఉంటుంది.

1993 ఫిబ్రవరిలో రష్యా, అమెరికా సంతకాలు చేశాయి. 500 టన్నుల బాంబు యురేనియం. 20 ఏళ్ల గడువు. అందులోంచి ఎన్ని బాంబులు అవుతాయని లెక్క వేస్తే, 20 వేలు.

రష్యాలో ఈ పని ఎట్లా చేశారో చూడండి. బాంబులోంచి తీసిన యురేనియం గట్టి లోహం. ముందు దాన్ని యంత్రం మీద పెట్టి చెక్కారు. రజనులా, పొట్టులా రాలింది. ఆ పొట్టును కాల్చి పొడి చేశారు. పొడిని కరిగించి, అందులోని మలినాలు తీశారు. తర్వాత ఫ్లోరిన్‌తో కలిపి వాయువు చేశారు. దాని పేరు యురేనియం హెక్సాఫ్లోరైడ్. ఇదంతా కొంచెం కొంచెంగా, చిన్న చిన్న పాత్రల్లోనే చేయాలి. ఎందుకో తోకైమురా కథ విన్నారు కదా.

ఇక అసలు ఘట్టం. ఒక గొట్టంలోంచి 90 శాతం వాయువు వస్తుంది. ఇంకో గొట్టంలోంచి ఒకటిన్నర శాతం వాయువు వస్తుంది. రెండూ ఒకచోట కలుస్తాయి. మూడో గొట్టంలోంచి 4, 5 శాతం వాయువు బయటికి పోతుంది. మూడు గొట్టాలు, ఒక కూడలి. 20 వేల బాంబులు కరిగింది అక్కడే. అమెరికావాళ్లు ఆ మూడు గొట్టాల మీదా కొలత యంత్రాలు బిగించారు. ఏ గొట్టంలో ఎంత పోతోంది, ఎంత శాతంతో పోతోంది అన్నది గొట్టం తెరవకుండానే తెలిసేది. నోటిమాట మీద నడిచిన వ్యవహారం కాదు. నమ్మకం ఒక పక్క, కొలత ఒక పక్క.

మామూలు యురేనియం కలపొచ్చు కదా, ఒకటిన్నర శాతం దేనికి అని మీకు సందేహం రావచ్చు. బాంబు సరుకులో 234 రకం అణువులు కూడా కాస్త ఎక్కువ చేరతాయి. రియాక్టర్ ఇంధనంలో అవి హద్దు దాటకూడదు. ఆ వంతు దించడానికి ఈ ఏర్పాటు. అంతకన్నా లోతు మనకు వద్దు.

ఒక కిలో బాంబు సరుకు 29 కిలోల ఇంధనం అయింది. అట్లా 500 టన్నులు కాస్తా 14 వేల టన్నులు దాటింది. 2013 నవంబరులో ఆఖరి ఓడ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బయలుదేరి, డిసెంబరులో అమెరికాలోని బాల్టిమోర్ రేవుకు చేరింది. ఆ 20 ఏళ్లలో అమెరికా వాడుకున్న కరెంటులో పదో వంతు ఈ సరుకుతోనే పుట్టింది. మళ్లీ చెప్తున్నా, పదో వంతు. మన పిల్లలెందరో ఆ రోజుల్లో ఉద్యోగాలకని అమెరికా వెళ్లారు. వాళ్లు రాత్రి స్విచ్చు వేస్తే వెలిగిన పది దీపాల్లో ఒకటి, ఒకప్పుడు అదే అమెరికా ఊళ్ల మీదికి గురిపెట్టిన బాంబులోంచి వచ్చిందన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పలచన చేయడం సగం పనే. దాన్ని రియాక్టర్లో కాల్చేయడం మిగతా సగం. పలచన చేసి గోదాములో దాచుకుంటే, సెంట్రిఫ్యూజులున్న దేశం ఎప్పుడో ఒకప్పుడు తిరిగి చిక్కన చేసుకోగలదు. కాల్చేస్తే ఆ 7 అణువుల్లో చాలావరకు ఇక లేవు. రష్యా, అమెరికా ఒప్పందం నిలబడింది ఈ రెండో సగం వల్లనే అని నా ఉద్దేశం.

ఎక్కువ శుద్ధి సరుకు నుంచి తక్కువ శుద్ధి సరుకుకు మారడం మన దేశంలోనూ జరిగింది. బొంబాయి దగ్గర ట్రాంబేలో అప్సర అనే పరిశోధన రియాక్టర్ ఉండేది. 1956 ఆగస్టులో మొదలైంది. ఆసియాలోనే మొదటిది. దానికి విదేశాల నుంచి తెచ్చిన ఎక్కువ శుద్ధి యురేనియం వాడేవారు. 2009లో దాన్ని ఆపేశారు, ఆ తర్వాత ఆ ఇంధనం బయటికి తీసేశారు. 2018 సెప్టెంబరులో కొత్త అప్సర మొదలైంది. ఇప్పుడు అందులో వాడేది తక్కువ శుద్ధి చేసిన యురేనియం.

సరే, ఇక మన ఊరికొద్దాం. తుమ్మలపల్లె రాయి సంగతి.

మన వేంపల్లె వైపు రాయి సున్నపు జాతి రాయి. యురేనియం తీయడానికి మామూలుగా ఆమ్లం వాడతారు. ఇక్కడ ఆమ్లం పోస్తే ముందు సున్నమే దాన్ని తాగేస్తుంది. అందుకని సోడా క్షారాలతో, వేడి మీద, ఒత్తిడి పెట్టి ఉడికిస్తారు. మన దేశంలో ఈ పద్ధతితో పెద్ద ఎత్తున నడుస్తున్న మొదటి కర్మాగారం ఇదే. చివరికి పసుపుపచ్చని పొడి వస్తుంది. అది హైదరాబాదులో మౌలాలి దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌కు పోతుంది. అక్కడ దాన్ని చిన్న చిన్న బిళ్లలు చేసి, గొట్టాల్లో పేర్చి రియాక్టర్లకు పంపుతారు. మన దేశంలో భారజలంతో నడిచే రియాక్టర్లే ఎక్కువ. వాటికి శుద్ధి చేసిన యురేనియం అక్కర్లేదు. వెయ్యిలో 7 ఉంటే చాలు. ఆ పసుపు పొడిలోనూ వెయ్యికి ఏడే. అది పేలదు. లారీ బోల్తా పడినా పేలదు, నిప్పంటుకున్నా పేలదు. రియాక్టర్లో కాలాక వచ్చే ప్లుటోనియం కథ వేరు, అది ఇంకో రోజు చెప్పుకోవాల్సింది.

మరి మన రాయిలో ఎంతుంది? టన్ను రాయి తవ్వితే అందులో యురేనియం అర కిలో కూడా ఉండదు. ఆ అర కిలోలోపు దాంట్లో, వెయ్యికి 7 లెక్కన, 235 రకం రెండు మూడు గ్రాములు. చంటిపిల్లకు చేయించే ఉంగరమంత. టన్ను రాయికి!

ఇప్పుడు తిరగేసి చూడండి. టన్ను రాయిలోంచి అర కిలో కూడా తీయకపోతే, మిగిలిందెంత? దాదాపు టన్నూ మిగిలే ఉంది. పిండిలా నూరిన రాయి, అందులో సోడా లవణాలు, యురేనియంతో పాటు ఎప్పటినుంచో ఉన్న రేడియం. ఇదంతా బురదై గొట్టంలో పోయి టెయిలింగ్ పాండు అనే వ్యర్థాల చెరువులో చేరుతుంది. బాంబు సరుకని మనం భయపడే రెండు మూడు గ్రాములు జిల్లా దాటి వెళ్లిపోతున్నాయి. మనం పట్టించుకోవాల్సిన టన్ను మాత్రం ఇక్కడే, కె.కె. కొట్టాల ఊరి పక్కనే ఉంటోంది.

ఆ ఊరి రైతులు చెప్పింది కూడా ఇదే. బోర్ల నీళ్లు మారిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని వాళ్లు ఫిర్యాదులు చేశారు. గని నడిపే సంస్థ కాదంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది, నిపుణులు వచ్చి నీళ్లు పట్టుకుపోయారు. ఈ తగవులో ఎవరిది ఎంత నిజమో రేడియోలో కూర్చుని తేల్చేది కాదు. కానీ అడగాల్సిన ప్రశ్న ఏదో రైతులకు తెలిసింది. ఆ చెరువు అడుగున పరిచిన పొర నీటిని పట్టి నిలుపుతోందా, లేదా? ఈ ప్రశ్నకు శాతాలతో పనిలేదు, ఇరాన్‌తో పనిలేదు. బాంబు భయం చెప్పి ఈ ప్రశ్నను పక్కకు తోసేవాళ్లూ ఉన్నారు, బాంబు కాదు కదా అని నవ్వి తోసేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారని నాకనిపిస్తుంది.

తాగేనీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మళ్లీ చెప్తున్నా, లీటరుకు 30 మైక్రోగ్రాములు. ఇది రంగుతో తెలియదు, రుచితో తెలియదు, పరీక్షతోనే తెలుస్తుంది. వేముల, వేంపల్లె, పెండ్లిమర్రి మండలాల్లో బోరు నీళ్లు తాగే ప్రతి ఊరూ ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, నీళ్లు పరీక్షకు పంపమని పంచాయతీని అడగాలి. నోటిమాటగా కాకుండా అర్జీ రాసి ఇవ్వండి. ఫలితం కూడా కాగితం మీదే తీసుకోండి. ఆ కాగితాన్ని గ్రామసభలో పైకి చదివించండి, పోయిన ఏటి కాగితంతో పోల్చి చూడండి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే మీ ఊరి పిల్లలుంటే ఆ అంకెలు వాళ్లకు చూపించి అర్థం చెప్పించుకోండి.